పందిరి మంచం మీద మామిడి తాండ్ర

మా తాతగారి కాలంలో ఊరి చివర మామిడి తోటలన్నీ మావే. నా కాలానికి పెరట్లో నాలుగు చెట్లు మిగిలాయి. అయినా పండ్లు పంచిపెట్టడమే గాని అమ్మడం మా ఇంట్లో ఉండేది కాదు. తొంభైల చివర ఆ పద్ధతిని మార్చింది మా మేనత్త. భర్త పోయాక పుట్టింటికి వచ్చిన ఆవిడకు, మా అన్నం తింటూ కూర్చోవడం కష్టంగా ఉండేది. ఆ మాట ఆవిడ ఎన్నడూ అనలేదు. నేనే గ్రహించాను.

ఆత్రేయపురం చుట్టుపక్కల ఇళ్ళలో చేసినట్టే అత్తయ్య తాటాకు చాపల మీద మామిడి రసం పోసి, ఎండబెట్టి, పొర మీద పొరగా తాండ్ర చేసేది. విదేశాలకు తినుబండారాలు పంపే కాకినాడ కంపెనీ ఒకటి ఆ రుచి మెచ్చి, తయారుచేసే చోటు చూడటానికి మనిషిని పంపుతామంది. ఆయన సరేనంటే ఏటా కొంటారు. అత్తయ్య ఎవరి చేతికేసీ చూడనక్కర్లేదు.

ఆయన వచ్చే రోజు పొద్దున్నే ఆవిడ పెరడంతా పేడతో అలికి, చాపల చుట్టూ ముగ్గు పెట్టింది. మా ఇల్లు పెళ్ళివారికి కూడా అంత శుభ్రంగా కనిపించి ఉండదు.

ఆయన పెరటి గడప దగ్గరే ఆగిపోయారు. "ఇదేంటమ్మా, పేడా?"

"ఇవాళ్టిదేనండి. తాజాది," అంది అత్తయ్య.

"తినే సరుకు దగ్గర పేడ ఉండకూడదమ్మా. చాపలూ పనికిరావు. అక్కడి ల్యాబులో ఒక్క పీచు దొరికినా సరుకంతా వెనక్కొచ్చేస్తుంది."

"తరతరాలుగా ఇలాగే తింటున్నామండి," అన్నాను.

"నేనూ మా ఇంట్లో అదే తింటానండి. కానీ కొనేవాళ్ళ రూలు అది."

అంత మర్యాదగా కాదన్న మనిషితో పోట్లాడటానికీ వీలు లేకపోయింది. పైగా తాండ్రలో ఇసుక పంటికి తగలడం నేనూ ఎరుగుదును.

అత్తయ్య స్టీలు పళ్ళేలు తెప్పించింది. పైన పొర కట్టింది గాని అడుగు పులిసిపోయింది.

"చాపకి కిందనుంచీ గాలాడుతుందిరా. పళ్ళేనికేదీ ఊపిరి?" అంది.

పెద్ద వ్యాపారులు ఆరబెట్టే యంత్రాలు కొనుక్కున్నారు. మా వీధిలో మిగతా ఆడవాళ్ళు రావులపాలెం కొట్లకు వేసుకోవడంతో సరిపెట్టుకున్నారు. రూలు రాసినవాళ్ళు తాటాకు చాపను చూసి ఉండరు, దాని గుణం వాళ్ళకెలా తెలుస్తుంది?

మరుసటి వేసవిలో ఒకరోజు నేను ఇంటికొచ్చేసరికి తాతగారు పోయాక ఎవరూ పడుకోని ఆయన పందిరి మంచం మేడ మీద ఉంది. నవారు విప్పేసి, చట్రానికి సన్నని నైలాను గుడ్డ బిగించి, చుట్టూ దోమతెర దించింది అత్తయ్య. ఉడికించి చిక్కబరిచిన రసం గుడ్డ మీద ఆరుతోంది.

"తాతగారి మంచమా?" అన్నాను.

"ఆయనకిప్పుడు మేడెక్కి పడుకునే ఓపిక లేదులే," అంది.

కంపెనీ ఆయన వచ్చి, మంచం చుట్టూ తిరిగి చూసి, కింద చెయ్యి పెట్టి గాలి తగులుతోందో లేదో చూసుకుని, ఒక ముక్క పరీక్షకు పట్టుకెళ్ళారు. ఆ కబురు కోసం ఎదురుచూసినన్నాళ్ళూ అత్తయ్య అన్నం సరిగా తినలేదు. చివరికి ఆయనే వచ్చారు.

"పాసయిందమ్మా. సరుకు మొదలెట్టండి."

"సరేనండి," అని లోపలికి వెళ్ళిపోయింది. వంటింట్లో ముక్కు చీదుకోవడం వినిపించింది. మేమిద్దరం వినిపించనట్టే కూర్చున్నాం.

బేరానికి వచ్చినవాళ్ళను అరుగు దిగి సాగనంపే అలవాటు మా ఇంటి మగవాళ్ళకు లేదు. ఆ రోజు ఆయన స్కూటరు రోడ్డెక్కేదాకా నేను గేటు బయటే నిలబడ్డాను.