భిక్షలో కలిపిన గరిటెడు పులుసు

2023 నవంబరు 26, ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలు. ప్రొద్దుటూరులోని మా ఇంట్లో నా మిత్రుడు భిక్షకు కూర్చున్నాడు. అతడు అయ్యప్ప మాల వేసుకుని అది పదో రోజు. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. అయినా పదిహేడేళ్లుగా అతని దీక్షలో ఒక పూట, విడిగా దాచిన పాత్రల్లో, ఉల్లి వెల్లుల్లి లేకుండా వండిపెట్టేవాళ్లం. మా నాన్నను ఆయన కోరినట్టే మంత్రాలు లేకుండా పూడ్చిన రోజు, ఒక్క మాటా అడగకుండా పార పట్టినవాడు అతడే.

జమ్మలమడుగు నుంచి వచ్చిన మరొక నాస్తికుడు వంటింట్లో తన క్యారియరు విప్పి, గరిటెడు కోడి పులుసు భిక్షకు వండిన పప్పులో కలిపాడు. నేను చూశాను. మెత్తనివాడినని ఎగతాళి చేస్తాడేమోనని ఊరుకున్నాను.

మిత్రుడు తినడం పూర్తయ్యాక ఆ పెద్దమనిషి తాను చేసిన సంగతి చెప్పి పగలబడి నవ్వాడు. "ఏమైందప్పా? కొండ ఇరిగి మీద పడిందా? మీ దేవుడు ఏమీ అనలేదే!"

మిత్రుడు చెయ్యి కడుక్కుని, దీక్షలో అందరినీ పిలిచినట్టే నన్ను పిలిచాడు. "ఆ మనిషిని ఇడిసిపెట్టు సామీ. నీకు ముందే తెలుసునా?"

"తెలుసు."

అతడు వెళ్లిపోయాడు. మళ్లీ మా గడప తొక్కలేదు. ఆ నవ్వు నేటికీ నాకు రోత. నా మౌనం అంతకన్నా రోత.

పోయినవి: పది రోజుల దీక్ష, పదిహేడేళ్ల స్నేహం. మిగిలినవి: ఆ పాత్రలు, అతడెన్నడూ తప్పుపట్టని నా నాస్తికత్వం.