ప్రభుదాస్ బండి చప్పుడు

2022 వానాకాలం. బెంగళూరు కె.ఆర్.పురంలో మెయిన్ రోడ్డు నుంచి లోపలికి దిగే ఒక సందులో నాది చిన్న షాపు. టూవీలర్లకు సైలెన్సర్లు బిగించడం, తుప్పు పట్టినవాటికి వెల్డింగ్ చేయడం, ఇవి తప్ప వేరే పని పెట్టుకోలేదు. మాది ముళబాగిలు వైపు. భార్యాపిల్లలు ఊళ్ళోనే ఉంటారు. ఆదివారం బస్సెక్కి పోయి వస్తాను. మిగతా రోజులు షాపు వెనక గదిలోనే వంట, పడక.

ఒక పొద్దున వాన తెరిపిచ్చాక ఒకాయన పాత బండి తోసుకుంటూ వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. గడ్డం మాసింది, కళ్ళ కింద నలుపు. బండి ఇరవై ఏళ్ళ నాటిది, సింగిల్ సిలిండర్. సైలెన్సర్‌ను కింద నుంచి స్క్రూడ్రైవర్‌తో తట్టి చూశాను. తుప్పు పొడిపొడిగా నా అరచేతిలో రాలింది.

"లోపల నీళ్ళు నిలిచి తినేసుండాది సార్. మీరు బండి దూరం తీయరా?"

"కూరగాయల కొట్టుదాకా వెళ్ళొస్తానన్నా, అంతే. నా ఉద్యోగం ఇంట్లోంచే."

పెట్రోలు మండినప్పుడు కాస్త ఆవిరి కూడా పుడుతుంది. గొట్టం బాగా కాలితే ఆ ఆవిరి బయటికి పోతుంది. పక్క వీధిదాకా పోయి వచ్చే బండికి గొట్టం కాలదు. తడి లోపలే ఉండిపోయి ఇనుమును కొరుక్కుతింటుంది. ఎక్కువ తిరిగిన బండికన్నా ఇంట్లో ఉన్న బండికే సైలెన్సర్ తొందరగా పోతుందంటే కొందరు నమ్మరు.

ఆయన పేరు ప్రభుదాస్. ఒంగోలు వైపు మనిషి. కాలేజీ అయి ఉద్యోగంలో చేరినప్పుడు కొన్న బండి అది. దానికి కంపెనీ సైలెన్సర్ ఇప్పుడు దొరకదు. బయట తయారైనవి మూడు రకాలు తెచ్చి బల్ల మీద పెట్టాను. మొదటిది పాతదానికి నకలు. లోపల బాఫిల్స్ అనే అడ్డు పలకలుంటాయి, పొగ వాటిని చుట్టి వచ్చేసరికి చప్పుడు తగ్గుతుంది. రెండోది పొట్టిది. లోపల గ్లాస్‌వుల్ అనే గాజు దూది చుట్టి ఉంటుంది, మోత బరువుగా వస్తుంది. మూడోది ఫ్రీ ఫ్లో, అడ్డేమీ లేని గొట్టం. పాత కార్బురేటర్ బండికి అది పెడితే పొగ మరీ సులువుగా పోయి గాలికి తగినంత పెట్రోలు అందదు, ఇంజను వేడెక్కుతుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా టపటపా పేలుతుంది.

ఆయన దేన్నీ పట్టుకొని చూడలేదు. "మా అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తుకి వినపడేది ఏది అన్నా?" అన్నాడు.

అట్లా అడిగేది ఎక్కువగా కుర్రోళ్ళు. గుంపుగా వచ్చి, రేజ్ చేసి, నవ్వుకుంటూ పోతారు.

"పోలీసులు పట్టుకుంటే ఊడబెరుకుతారు సార్. మీకెందుకప్పా అంత మోత?"

ఆయన బండి సీటు మీద చెయ్యి పెట్టి చెప్పాడు.

"మా ఎదురు ఫ్లాట్‌లో ఒకతను ఉండేవాడు. నాలాగే ఒక్కడే. కనిపిస్తే తల ఊపుకునేవాళ్ళం. చనిపోయాడు. వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. నాక్కూడా తెలియలేదన్నా. ఆ తలుపుకీ నా తలుపుకీ మధ్య ఈ బల్లంత దూరం."

నేను పానా కింద పెట్టాను.

"నేను రోజూ పొద్దున బండి తీస్తాను. అది అందరికీ వినపడిందనుకో. ఒకరోజు వినపడకపోతే, ఏమైందని ఎవరో ఒకరు చూస్తారు కదా?"

పెళ్ళయిందట, విడిపోయారట. అంతకుమించి నేను అడగలేదు.

ఫ్రీ ఫ్లో ఇవ్వడానికి మనసొప్పలేదు. పొట్టిదే పెట్టాను. దాని నోట్లో డీబీ కిల్లర్ అనే చిన్న గొట్టం ఉంటుంది, మోతను అదుపులో పెట్టేది అదే. "దీన్ని మాత్రం తీయొద్దు సార్" అని గట్టిగా చెప్పాను. బోల్టు రంధ్రాలు కలవకపోతే కొత్త బ్రాకెట్ వెల్డ్ చేశాను. కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే జెట్‌ను ఒక సైజు పెంచాను. స్టార్ట్ చేస్తే గొంతు లోపలి నుంచి వచ్చినట్టు మోగింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఇది నాదేనని తెలుస్తుందా?"

"తెలుస్తాది సార్. ఈ పక్క ఇట్లాంటిది ఇంకోటి లేదు."

కొన్ని వారాలకు మళ్ళీ వచ్చాడు, ముఖం వెలిగిపోతోంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆయన బండి మీద ఫిర్యాదు పెట్టారట. "నా పేరు రాశారన్నా. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఫ్లాట్ నంబరే రాసేవాళ్ళు. ఇప్పుడు పేరు!" ఇంకాస్త మోత కావాలి, డీబీ కిల్లర్ తీసెయ్యమన్నాడు. "వద్దు సార్, స్వల్ప ఆలోచించండి" అన్నాను. సరేనని వెళ్ళాడుగానీ ఇంటికి పోయి తనే తీసేసుకున్నాడు.

వానలు వెనకబట్టాక బండి మీద వచ్చి షాపు ముందు ఆగాడు. సందు మొత్తం అదిరింది. మనిషి సగమయ్యాడు, చొక్కా వేలాడుతోంది. డెంగీ వచ్చిందట. వారం పైనే ఫ్లాట్లో ఒక్కడే పడి ఉండి, ఇక లాభం లేదని లిఫ్టులో కిందికి దిగి గేటు దగ్గర కూలబడితే, వాచ్‌మన్ ఆటో పిలిచి ఆస్పత్రికి పంపాడట.

"అన్ని దినాలు బండి తీయలేదు కదా, ఎవరూ రాలేదా?" అని అడిగాను.

"గ్రూపులో ఒకాయన పెట్టాడన్నా. ఈ మధ్య పొద్దున్నే ప్రశాంతంగా ఉంది, అందరికీ థాంక్స్ అని. దాని కింద చాలామంది బొటనవేలి బొమ్మలు పెట్టారు. మంచం మీద పడుకుని చూశాను."

చెప్తూ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"మొదట చూపించావు కదా, నకలు, అది పెట్టు" అన్నాడు. బాఫిల్స్ ఉన్నది బిగించి, పాత జెట్ తిరిగి వేశాను. ఆ మధ్యాహ్నం నేను చేసుకున్న రాగిముద్ద, ఉలవచారు ఇద్దరం తిన్నాం. ఆయన ఉలవచారు రెండోసారి అడిగి పోయించుకున్నాడు. ఆ గదిలో ఎదురుగా మనిషి కూర్చుని ఉండగా తిని నాకూ చాలా రోజులైంది.

కొత్త సైలెన్సర్ బాగా కాలి చల్లారాక బోల్టులు కాస్త వదులవుతాయి, మళ్ళీ బిగించాలి. దానికోసం వచ్చినప్పుడు చెప్పాడు.

"గేటు దాటుతుంటే వాచ్‌మన్ ఒంట్లో ఎలా ఉందని అడిగాడన్నా. ఒడిశా మనిషి. బండి ఆపి మాట్లాడాను. రోజూ పొద్దున్నే నమస్తే చెప్పేవాడట. ఆ మోతలో నాకెప్పుడూ వినపడలేదు." హెల్మెట్ చేతిలోకి తీసుకుని, "ఇంటి తాళంచెవి ఒకటి అతనికిచ్చాను. రెండు రోజులు కనపడకపోతే తీసి చూడమన్నాను" అన్నాడు.

వాచ్‌మన్ ఎన్నాళ్ళుంటాడో, రేపు ఏజెన్సీవాళ్ళు ఎక్కడికి మారుస్తారో ఇద్దరికీ తెలియదు. ప్రభుదాస్ ఇప్పటికీ ఒక్కడే ఉంటాడు. ఫలానా మనిషి దొరికాడు, బతుకు మారింది అని చెప్పడానికి ఏమీ లేదు. గ్రూపులో మళ్ళీ ఫ్లాట్ నంబరే రాస్తున్నారట.

నాకు మాత్రం ఆ బండి తర్వాత ఒక అలవాటు అయింది. మోత ఎక్కువుండే సైలెన్సర్ కావాలని ఎవరొచ్చినా, ఇంజను సైజు అడగకముందే, "ఎవరికి వినపడల్లప్పా?" అని అడుగుతాను. కుర్రోళ్ళు నవ్వేస్తారు. ఎప్పుడో ఒకరు నవ్వకుండా నిలబడిపోతారు. వాళ్ళకు స్టూలు జరిపి కూర్చోమంటాను, సైలెన్సర్ల వైపు తర్వాత పోతాను.