బీరాకు మీద తెల్లగీతలు

ఆబిడ్స్‌లో మా ఆఫీసు మెట్ల పక్కన వాచ్‌మన్ కుండీల బీరతీగ పెట్టిండు. నిన్న దాని ఆకుల మీద పాము పాకినట్టు తెల్లగీతలు చూసేసరికి పద్మత్త మీద కోపం మళ్లీ లేచింది.

చిన్నప్పుడు నాంపల్లిల ఒకే వాకిట్ల మాదీ ఆమెదీ ఎదురెదురు కిరాయి ఇండ్లు. మా బీరాకులకు గిట్లనే గీతలొస్తే, "దిష్టి తగిలింది, పద్మ కండ్లే" అని అమ్మ పందిరికి పాత చెప్పు కట్టింది, సరిగ్గ ఆమె గడపకు ఎదురుగ.

"పొద్దుగాల లేచి మీ చెప్పు మొకం చూడాల్నా?" అన్నది పద్మత్త.

"మా తీగను చూడకు, చెప్పు కనవడదు" అన్నది అమ్మ.

ఆ తర్వాత వాళ్లు మాట్లాడుకోలేదు. ఆమె చూస్తే నా చేతుల మీద గూడ గీతలు లేస్తయని భయపడి, ఎండకాలంల సైతం స్వెటర్ ఏసుకొని ఆమె ముందు నుంచి ఉరికేదాన్ని.

నిన్న ఆకును వెలుతురుకు పట్టి చూసిన. గీత చివర, ఆకు పొరల నడుమ, నువ్వుగింజ కన్న చిన్న పురుగు ఉన్నది. అది తినుకుంట పోయిన తొవ్వే ఆ గీత. అమ్మకు ఫోన్ చేసి చెప్పిన.



"ఔ గానీ, గా పురుగు వాళ్లింటికి పోకుండ మనింటికే ఎందుకొచ్చింది?"