మూత మీది పసుపు

ఎదురుమొండి రేవులో మెకానిక్కు తాతారావు రోజూ లాంచి డీజిలు అరచేతిలోకి వంపుకుని, నీటిచుక్క ఉందేమోనని ఎండకు పట్టి చూస్తాడు. ఒక దసరా మర్నాడు తమ్ముడు వీర్రాజు లాంచి ఏటి మధ్య ఇంజను ఆగి, సముద్రంలోకి కొట్టుకుపోయింది; వాడు తిరిగి రాలేదు. ఇంజను ఎందుకాగిందో తెలియలేదు.

ఈ దసరా మర్నాడు, పురిటినొప్పులు పడుతున్న ఊరిపిల్ల సరోజినిని ఆసుపత్రికి తీసుకెళ్ళబోతే, జోరుగా పోయే కొత్త లాంచి రేవులోనే దగ్గి ఆగిపోయింది.

"డీజిలు శుభ్రంగానే ఉంది గదా బావా, ఇంకా చూస్తావేంటి! పిల్ల తట్టుకోలేకపోతోంది," అన్నాడు లాంచి నడిపే సరంగు శంకరం.

తాతారావు ట్యాంకు మూత తిప్పగానే గాలి బుస్సున లోపలికి పోయింది. మూతకున్న చిల్లిలో ఆయుధపూజ పసుపు గట్టిపడి ఉంది. గాలి ఆడకపోతే డీజిలు దిగదు. గోటితో గీకేశాడు. ఇంజను అందుకుంది.

లాంచి కనుమరుగైంది. ఆనాడు వీర్రాజు చల్లగా ఉండాలని, వాడి లాంచి మూతకు పసుపు మెత్తిందీ తన చెయ్యే. తాతారావు ఆ చెయ్యి కడుక్కోకుండా ఏటివైపే చూస్తూ నిలబడ్డాడు.