సెట్టింగు లేని ఫోన్లో చెప్పుల ఫోటో

ఇది ఇన్నేళ్లూ రాయకపోవడానికి కారణం ఒక్కటే. నాకు రాయడం వచ్చేది కాదు. నలభై ఏడో ఏట, మా వాడలో మహిళా సంఘం వాళ్లు పెట్టిన బడిలో అక్షరాలు దిద్దాను. ఈలోపు మా మరిది సాయిలు ఈ సంగతిని పెళ్లిళ్లలో, దినాల్లో చెప్పుకుంటూ తిరిగాడు. అతని నోట పడి అది దయ్యం కథ అయింది. ముందు గజ్జెల చప్పుడు చేరింది, తర్వాత తెల్లచీర, ఈ మధ్య కుక్కలు కూడా ఏడుస్తున్నాయట. ఆ రోజు మా వాడలో ఒక్క కుక్క కూడా మొరగలేదు. అందుకే నేనే రాస్తున్నాను.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. పొద్దంతా బీడీలు చుట్టే ఆడదాని ఇంటికొచ్చి కూర్చునే తీరిక ఏ దయ్యానికి ఉంటుంది? నమ్మేవాళ్లను చూస్తే నాకు జాలి కూడా కలగదు.

మాది బోధన్. కెమెరా ఫోన్లు అప్పుడప్పుడే మా వాడకు వస్తున్న రోజులు. నా భర్త లింబాద్రి మేస్త్రీ. నిజామాబాద్ ఏజెంటు ఒకడు అతనికి మస్కట్ వీసా తెచ్చాడు. గల్ఫ్ పోయినవాళ్లు ఇంటికి మెసేజులు పెట్టేవాళ్లు. నాకు అప్పట్లో చదవడం రాదు. మాట్లాడదామంటే పక్కన ఫోర్‌మన్ ఉంటాడని, కష్టం చెప్పుకోనివ్వడని అందరూ అనేవాళ్లు. అందుకని మేమిద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. ప్రతి శుక్రవారం, అంటే అక్కడి సెలవు రోజు, అతను ఒక ఫోటో పంపాలి. చేతి గడియారం ఫోటో వస్తే బాగున్నట్టు. చెప్పుల ఫోటో వస్తే ఆపదలో ఉన్నట్టు, ఎట్లాగైనా వెనక్కి రప్పించాలని.

వాడలో నవ్వారు. "మొగడు మంచిగున్నడా అంటే చెప్పులు సూసుకుంటదట!" అంది పక్కింటామె. ఆమెకు ఏడో తరగతి పాసయ్యానని గర్వం. వాళ్లాయన నెలకొక మెసేజు పెట్టేవాడు, అదీ 'ఓకే' అని. దాన్ని చదవడానికి ఏడేళ్ల చదువు.

ఫోటో రావాలంటే ఫోన్లో నెట్ ఉండాలి. ఆ పని సాయిలు నెత్తిన వేసుకున్నాడు. దుబాయిలో నాలుగు నెలలుండి, ఎండకు తాళలేక తిరిగొచ్చిన మనిషి. వచ్చినప్పటి నుంచి బయటి దేశాల గురించి అతను చెప్పిందే వేదం. ముగ్గురం బస్టాండు దగ్గర సిమ్ముల దుకాణానికి పోయాం. దుకాణదారు ఓపికగా చెప్పాడు. అక్కడికి పోయాక అక్కడి సిమ్ము కొని నెట్ వేయించుకోవచ్చు. లేదా ఇక్కడి సిమ్ముకే రోమింగ్ పెట్టించి, నెట్ విడిగా అడిగి తీసుకోవచ్చు. రెండూ వద్దంటే ఫోటోల ఆశ వదిలి, కార్డు కొనుక్కొని మాట్లాడుకోవడమే.

"రోమింగ్ వేరే, నెట్ వేరే అన్నా. రెండు ఫోన్లల్ల సెట్టింగ్ పడాలె. కంపెనీ నుంచి మెసేజ్ వస్తది, సేవ్ కొట్టి, ఫోన్ బంద్ చేసి మళ్ల చాలు చెయ్యాలె" అన్నాడు.

సాయిలు నవ్వాడు. "నువ్వెన్నడన్న ఇమానం ఎక్కినవా? రోమింగ్ ఏస్తే అన్ని అండ్లనే వస్తయ్. నాకే నేర్పుతున్నవ్!"

"జర సరిగ్గ అడుగు సాయిలు. ఫోటో రాకుంటే నాకెట్ల ఎరుకైతది?" అన్నాను.

"నువ్వు బీడీ కట్టలు లెక్కవెట్టుకో వదినె. ఇది నీకు సమజ్ గాదు."

నా భర్త తమ్ముడి మాటే విన్నాడు. అన్నదమ్ములిద్దరి బుర్రలూ కలిపితే ఒక కొబ్బరిచిప్ప నిండదని నాకు ఆ రోజు తెలిసింది.

లింబాద్రి కొత్త బూట్లు వేసుకుని పోయాడు. పాత చెప్పులు కవర్లో చుట్టి అటక మీద పెట్టాను. ఎడమ చెప్పు పట్టీ ఒకసారి తెగితే, బీడీలు కట్టే ఎర్రదారం నాలుగు పేటలు వేసి నేనే కుట్టాను. ఈ సంగతి గుర్తుంచుకోండి.

చేరానని ఒక్కసారి ఫోన్ చేశాడు. ఆ తర్వాత మూడు శుక్రవారాలు ఏ ఫోటో రాలేదు. మేం చేస్తే ఫోన్ బంద్. "ఎడారిల టవర్లుండయ్ వదినె" అన్నాడు సాయిలు. ఏజెంటు అయితే నా ఫోన్ ఎత్తడమే మానేశాడు.

నాలుగో శుక్రవారం, చక్కెర ఫ్యాక్టరీ మధ్యాహ్నం సైరన్ అప్పుడే ఆగింది. ఒళ్లో చాట పెట్టుకుని ఆకు కత్తిరిస్తున్నాను. పక్కన ఫోన్ మోగింది. తెరిచాను.

పసుపుపచ్చ ఇసుక. దాని మీద చెప్పుల జత. ఎడమ పట్టీకి ఎర్రదారం కుట్టు. నా కుట్టు నాకు తెలియదా?

స్టూలెక్కి అటక మీద చూశాను. చెప్పులు కవర్లోనే ఉన్నాయి. వేసిన ముడి వేసినట్టే ఉంది, పైన దుమ్ము. విప్పితే ఇసుక రవ్వ కూడా లేదు.

ఫోన్ తీసుకుని దుకాణానికి పోయాను. దుకాణదారు మీటలు నొక్కి చూసి, "అక్కా, దీంట్ల నెట్ సెట్టింగే పడలే. అన్న సిమ్ముకు గూడ నెట్ అడగనే లేదు. ఫోటో పోవుడు లేదు, వచ్చుడు లేదు" అన్నాడు. ఫోటో చూపించాను. పంపినవాళ్ల నంబరు ఉండాల్సిన చోట ఖాళీ. అంకెలు నాకు అప్పటికే వచ్చు, నేనూ చూశాను. అతను ఫోన్ నా చేతికిచ్చి, ఇంకేం మాట్లాడకుండా పని చూసుకున్నాడు. తెలియనప్పుడు నోరు మూసుకున్న మగవాణ్ని ఈ వ్యవహారం మొత్తంలో అతన్నొక్కణ్నే చూశాను.

లింబాద్రి నెల తర్వాత తిరిగొచ్చాడు, కామెర్లతో సగమై. చేరిన మూడో రోజే పాస్‌పోర్టూ ఫోనూ ఫోర్‌మన్ లాక్కున్నాడట. ఆ శుక్రవారం క్యాంపులో లేవలేక పడి ఉన్నాడట. ఇంకో నాలుగు రోజులు అట్లాగే వదిలేస్తే దక్కేవాడు కాదని అక్కడి డాక్టరు అన్నాడట. ఫోటో సంగతి అడిగితే తెల్లమొహం వేశాడు. "నాకు ఫోటో తీసుడే రాదు గదనే" అన్నాడు. ఆ మాట పోయేముందు చెప్పాలని తోచలేదు మహానుభావుడికి.

ఇంట్లోనే ఎవరో తీసి ఉంటారని కొందరు తేల్చారు. మా ఇంట్లో ఇసుక ఏది? తీయడానికి మనిషి ఏడీ? ఆ ఫోన్ తర్వాత చెడిపోయింది, ఫోటో దాంతోనే పోయింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినట్టు మాట్లాడే పని సాయిలు చూసుకుంటాడు.

నాకు తెలిసింది ఆ ఫోటో వచ్చిన మర్నాడు పొద్దున నేను చేసిన పని. ఆ చెప్పులు ఒళ్లో పెట్టుకుని మొదటి బస్సుకు నిజామాబాద్ పోయాను. ఏజెంటు దేవుడి పటానికి ఊదుబత్తీలు తిప్పుతున్నాడు. అతను ఇటు తిరిగేసరికి చెప్పులు తీసి బల్ల మీద, పాస్‌పోర్టుల పక్కన పెట్టాను.

"ఏందమ్మా ఇది, పొద్దుగాల పొద్దుగాల!" అని అరిచాడు.

"చెప్పులు ఈడున్నయ్. ఇవి తొడుక్కునే కాళ్లు యాడున్నయో మస్కట్‌కు ఫోన్ కొట్టు. అప్పటిదాంక ఇవి ఈడికెల్లి తియ్య."

బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా లేచి గుమ్మం దగ్గరికి వచ్చారు. అతను వాళ్లను చూశాడు, చెప్పులను చూశాడు. ఊదుబత్తీలు పక్కన పెట్టి ఫోన్ అందుకున్నాడు.