పేరు తీసినా అంచు మిగిలింది

మా వీధి చివరి ఇంటి మేడం పోయారని ఆమె చెల్లెలు ఫోన్ చేసి చెప్పేసరికి నేను ఆమడగూరులో ప్రవచనానికి కూర్చోబోతున్నాను. ఆ రోజు చెప్పవలసింది మృత్యువు గురించే. ఎదురుగా జనం, ఒళ్లో తెరిచిన గ్రంథం. గ్రంథం మూసి, ఈ పూటకు ప్రవచనం లేదని చెప్పి లేచాను. నేను అట్లా లేచిపోవడం ఆ చుట్టుపక్కల ఎవరూ ఎరగరు.

మేడం హిందూపురం కాలేజీలో సమాజశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. తర్వాత ఆమె పెట్టుకున్న పని వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో మన జనం గుంపులుగా చేరి ఏం మాట్లాడుకుంటారో చదివి రాయడం. నేనేమో ఊరూరా ఫోన్‌ను తిడుతూ తిరిగేవాణ్ణి. అరచేతిలో పెట్టుకున్న మాయ అని గొంతు చించుకునేవాణ్ణి. బుక్కపట్నంలో ఒకసారి అట్లా చెప్పి కిందికి దిగగానే మేడం ఎదురొచ్చారు.

“ఏమప్పా స్వామీ, నీ భజన గ్రూపులో నన్ను చేర్చుకుంటావా?”

“ఆడ ఏముండాది మేడం, దేవుడి బొమ్మలు, శుభోదయాలు.”

“నేను కాగితం పట్టుకుని పోయి అడిగితే ‘అంతా బాగుండాది మేడం’ అంటారు. బోరెండిపోయింది, గొర్రెలకు రోగమొచ్చింది అని వాళ్లలో వాళ్లే కదా చెప్పుకునేది. ఆ మాటలు నాకు కావాలప్పా.”

చేరిన వెంటనే ఆమె పెట్టిన మొదటి మెసేజ్: నేను ఫలానా, మీ మాటలు చదివి రాసే పని మీద వచ్చాను, వద్దంటే వెళ్లిపోతాను. కొత్త మనిషి చేరినప్పుడల్లా అదే మళ్లీ పెట్టేవారు. మా గ్రూపులో ఒకాయన ఉండబట్టలేక, “మేడం, మీ పరిచయం మాకు రోజూ హారతి మాదిరి అయిపోయింది” అన్నాడు. ఆమె నవ్వు బొమ్మ పెట్టి, మర్నాడు కొత్తవాళ్లు రాగానే మళ్లీ పెట్టారు. వినేవాళ్లు తలుపు కొట్టి లోపలికి రావాలి అనేవారు. ఎవరి మాటైనా రాయాలనిపిస్తే ఆ మనిషికి విడిగా ఫోన్ చేసి అడిగేవారు. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని, కళ్లు మూసుకుని, జనం గొంతుతో పంపిన మెసేజ్‌లు వినేవారు. ఇంకొకరికి ఒక్కటీ పంపి ఎరగరు.

చదివే అయ్యలారా, అమ్మలారా, ఈ కాలంలో ఎందరో గుంపుల్లో దూరి, తామెవరో చెప్పకుండా, పక్కవాడి కన్నీళ్లు ఏరుకుపోతున్నారు. దాన్ని పరిశోధన అంటున్నారు. నేను దొంగతనం అంటాను. మేడం ఆ కోవ మనిషి కాదు. ఆ మాట ముందు చెప్పాను కనుక, ఆమె వల్ల జరిగిన నష్టం ఇప్పుడు చెప్పగలను.

ధర్మవరంలో చీరలు నేసే ఆడవాళ్ల గ్రూపులోనూ మేడం ఉండేవారు. అందులో ఒకామె తన గోడు చెప్పుకుంది. జొన్నకంకి మీద వాలి వెనక్కి తిరిగి చూసే పిచ్చుకను ఆమె సొంతంగా అంచులో నేసింది. ఓబులదేవరచెరువులో వాళ్ల అవ్వ చేలో చూసిన పిచ్చుక అది. ఆమెకు పని ఇచ్చే షావుకారు అది తన కొడుకు ఊహ అని చెప్పి అమ్ముకుంటున్నాడు. మేడం ఫోన్ చేసి అడిగారు. “రాయండి మేడమ్మా, నా పేరొద్దు” అని ఆమె ఒప్పుకుంది.

మేడం పేరు తీసేశారు. ఊరు, వీధి, వయసు తీసేశారు. పిచ్చుకను మాత్రం ఉంచారు. “అంత అందమైనదాన్ని ఎట్ల తీసేయాలప్పా” అన్నారు తర్వాత నాతో. కాలేజీలో పాఠం చెప్పినామెకు అది అందం. ధర్మవరంలో అంచు చూస్తే చాలు, నేసిన చెయ్యి ఎవరిదో చెబుతారు. మేడం రాసింది ఒక పత్రికలో వస్తే, ఆ పేజీని ఎవరో ఫోటో తీసి అదే గ్రూపులో పెట్టారు. అది షావుకారు దాకా పోయింది; అతను ఆమెకు పడుగు ఇవ్వడం మానేశాడు. పడుగు నూలు లేకపోతే మగ్గం ఉత్త కొయ్య.

మేడం, నేను ఆ షావుకారు దగ్గరికి పోయాం. కాఫీ తెప్పించి, మర్యాదగా అన్నాడు: “మీరు పేరు రాయలేదు. నేనూ ఏ పేరూ చెప్పలేదు. పడుగు లేదు మేడం, అంతే.”

అక్కణ్ణుంచి ఆ నేతామె ఇంటికి పోయాం. మేడం తప్పయిందన్నారు. నేతామె గొంతు పెంచలేదు.

“మీరు అడిగినారు, నేను సరే అన్న్యా. ఎవురి తప్పూ కాదనుకుంటే మగ్గం ఆడుతుందా మేడమ్మా?”

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నేను ఊరుకోలేక, నిజం చెప్పడం ధర్మం, మీరు నిజమే రాశారు అన్నాను. మేడం నా సంచిలోని గ్రంథం వైపు చూశారు. “అందులో మాట గురించి ఒక శ్లోకం ఉంది కదప్పా. నిజమైతే చాలదు, మేలు కూడా చేయాలని. అది చెప్పు.” ఎన్ని ఊళ్లలో ఆ శ్లోకంతో జనాన్ని ఉతికి ఆరేశానో. ఆ రోజు మాత్రం సంచి మూతి బిగించి, పెనుకొండ కొండ కిటికీలో కనిపించి దాటిపోయేదాకా బయటికే చూస్తూ కూర్చున్నాను.

మేడం అన్ని గ్రూపుల్లోనూ సెలవు చెప్పి బయటికి వచ్చేశారు. నేతామె పెనుకొండకు మారి, వేరే షావుకారు కింద మగ్గం పట్టిందని మాకు తెలిసింది. పోదాం రమ్మని ఎన్నోసార్లు పిలిచాను. “మళ్లీ ఆ తలుపు కొట్టే మొహం లేదప్పా” అనేవారు. క్షమించమని అడగడానికి కూడా అనుమతి కావాలనుకున్నారో ఏమో. అంతలోనే ఆమె గుండె ఆగిపోయింది.

కర్మ అయ్యాక నేనొక్కణ్ణే పెనుకొండ పోయి, మేడం లేరని నేతామెకు చెప్పాను. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్న ఆమె చెయ్యి ఆగింది.

“ఎప్పుడన్నా వస్తాదేమో అని చూస్తాంటి స్వామీ. ఒక్కతూరి వచ్చింటే కూర్చోబెట్టి అన్నం పెట్టేదాన్ని.”

పిచ్చుకను ఇక్కడ నేయడం లేదా అని అడిగాను.

“ఉత్త అంచే. చూస్తే ఎవురు నేసిందీ తెలీకూడదు.”

చెంగుతో కళ్లు ఒత్తుకుని మళ్లీ పడుగు మధ్యకు నాడె విసిరింది. ఆకుపచ్చ చీరకు ఎర్రటి అంచు, పువ్వు లేదు, పిట్ట లేదు, ఆమె ఒడి ముందున్న కొయ్యకు చుట్టుకుంటూ పోయింది.