తొలికాపు గుమ్మం దాటిన శుక్రవారం

ఫిబ్రవరి 21, శుక్రవారం. అల్ రయ్యాన్, ఖతార్.
ఇంట్లో ఉన్నవాళ్ళు: నేను, మా అమ్మాయి, అల్లుడు, వంట చేసే ఆమె. వెనక గేటు దగ్గరికి వచ్చి వెళ్ళినవాడు: పక్క వీధిలో అరబ్బుల ఇంటి డ్రైవరు.

ఆ రోజు డైరీ ఇలా మొదలవుతుంది. అందులో పొడిపొడిగా ఉన్నదాన్ని ఇక్కడ కొంచెం విడమరిచి రాస్తున్నాను.

రూబార్బ్ అనేది చలిదేశాల మొక్క. చుక్కకూర కుటుంబంలోదే గాని ఆకు విస్తరి అంత పెరుగుతుంది. కాడ బొటనవేలంత లావు, సగం ఎరుపు, సగం ఆకుపచ్చ. తినేది ఆ కాడే. ఆకు విషం. మా కాంపౌండులో ఉండే ఒక ఇంగ్లీషు టీచరమ్మ నాకు విత్తనాలిస్తూ ఈ సంగతి రెండుసార్లు చెప్పారు. ఇక్కడి ఎండకు మొక్క బతకదని కూడా చెప్పారు.

సెప్టెంబరు ఆఖర్లో ఏసీ గదిలో కిటికీ పక్కన నారు పోశాను. నవంబరులో ఎండ మెత్తబడ్డాక వెనక గోడ నీడన పెద్ద కుండీల్లోకి మార్చాను. చలిదేశాల్లో మొదటి ఏడు కాడలు తెంపరట, మొక్క బలపడాలని. ఇక్కడ దానికి రెండో ఏడు లేదు. వేసవి రాకముందే ఎంత వస్తే అంత తీసుకోవాలి. అందుకే ఆ శుక్రవారం తీశాను.

వంట చేసే ఆమెది రాజోలు వైపు. మా ఇంట్లో చేరి వారమే అయింది. ఏ కాడ ముదిరిందో చూపించబోతే గబుక్కున అడ్డుపడింది.

"వేలు పెట్టి చూపించకండి బాబుగారూ, కుళ్ళిపోద్ది."

"కుళ్ళేది సొరపిందె. ఇది కాడ."

"దానికా సంగతి తెలుసేంటండీ?"

తరవాతి కాడను వేలు మడిచి చూపించాను. దీనికి కత్తి పెట్టకూడదు. మొదలు దగ్గర పట్టుకుని కొద్దిగా మెలితిప్పి లాగితే శుభ్రంగా ఊడి వస్తుంది. అన్నీ కలిపి గుప్పెడయ్యాయి.

"తొలికాపు గుమ్మం దాటాలండి. మనమే తినేస్తే మళ్ళీ కాపు నిలవదు. ఎవరికైనా ఓ రెండు కాడలు పంపండి."

"ఉన్నదే గుప్పెడు. రెండోకాపు పంచుదాం."

"రెండోకాపు ఎవరైనా పంచుతారండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆకులు కోసి పాత పేపరులో చుట్టి చెత్తబుట్ట పక్కన పెట్టాను. అవి విషమని అమ్మాయికీ అల్లుడికీ తెలుసు. వంట చేసే ఆమెకు ఎవరూ చెప్పలేదు.

కాడలను ముక్కలు చేసి, పచ్చిమిరపకాయలతో నూనెలో మగ్గబెట్టి, వెల్లుల్లీ నువ్వులపొడీ వేసి ఆమె పచ్చడి నూరింది. గోంగూరకున్న జిగురు లేదు. పులుపు పచ్చి మామిడికి దగ్గర. అల్లుడు మారు వడ్డించుకోబోయి గిన్నె ఖాళీగా ఉండటం చూసి, ఇంకా ఉందా అని అడిగాడు.

"ఇంకెక్కడిదండీ! పోన్లెండి, తొలికాపు గుమ్మం కూడా దాటింది. బాబుగారు పారేసిన ఆకులు పక్క వీధి డ్రైవరుకిచ్చేశా. చుక్కకూరలాగే పప్పులో వేసుకోమన్నా. వాళ్ళింటి పెద్దావిడ, మామా అంటారే, ఆవిడ కూడా వానలు పడ్డాక ఎడార్లోంచి ఇలాంటి పుల్లాకే కోయించుకుని పచ్చిగా నముల్తాదంట."

అది నిజమే. ఇక్కడివాళ్ళు హుమ్మైద్ అని ఏరుకునేది మన చుక్కకూరే. పైగా మన వంటింట్లో ఏ కూరైనా ముందు ఆకే తింటాం. ఆకు పారేసి కాడ దాచుకునే ఇల్లు ఆమె అంతకుముందు చూసి ఉండదు.

"ఎప్పుడిచ్చావు?" అంది అమ్మాయి.

"పొద్దున్నేనండి. ఏమైందండీ?"

"ఆ ఆకు విషం," అన్నాను.

ఆమె చేతిలోని గరిటె గట్టు మీద పెట్టింది. అల్లుడు డ్రైవరుకు ఫోన్ చేశాడు. మోగుతోంది గాని ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఈలోగా నేను చెత్తబుట్ట దగ్గర పడి ఉన్న ఒక ఆకు ముక్కను, డాక్టరుకు చూపించవలసి వస్తుందేమోనని, సంచిలో వేసుకున్నాను. అమ్మాయిని ఇంట్లో ఉంచి ముగ్గురం కారెక్కాం. "నా చేత్తోనే ఇచ్చానండి," అని దారంతా ఆమె ఒకటే మాట.

డ్రైవరుది రాయచోటి వైపు. పెద్దింటి వెనక గోడను ఆనుకుని ఉన్న గదిలో ఒక్కడే ఉంటాడు. తలుపు కొట్టగా కొట్టగా, నిద్రకళ్ళతో తీశాడు.

"ఏంది సార్, మీరొచ్చినారు? రాండి, లోపలికి రాండి."

"పప్పు తిన్నావా?"

"తిన్నా సార్. బలే ఉండాది. రవ్వంత మిగిలింది, పెట్టేదా?"

"కడుపులో ఎలా ఉంది?"

"మంటగా ఉండాది. మిరక్కాయలు ఎక్కువేసినాలే."

సంగతి చెప్పాను. అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు. ఆసుపత్రికి మాత్రం రానన్నాడు.

"సాయంత్రం డ్యూటీ ఉంది సార్. బండి తీయకపోతే మామా ఊరుకోదు."

"డ్యూటీ, గీటీ! ముందు చెప్పులేసుకో!" అని ఆమె అతని చెప్పులు తన్ని ముందుకు తోసింది.

దారిలో కారు ఆపించి వాంతి చేసుకున్నాడు. ఆ తరవాత డ్యూటీ మాట ఎత్తలేదు. అత్యవసర విభాగంలో డాక్టరు ఆకు ముక్కను చూసి, కంప్యూటరులో ఏదో చదివి, సెలైన్ పెట్టించారు. ప్రాణానికి ముప్పు ఉండకపోవచ్చని, మూత్రపిండాల మీద ప్రభావం మాత్రం తెల్లవారితే గాని తెలియదని అన్నారు. అల్లుడు అతని యజమానికి ఫోన్ చేసి చెప్పాడు. ఆయన ఆ పూట బండి తానే నడుపుకుంటానన్నాడు. ఆమెను ఇంటికి రమ్మంటే రానంది. మధ్యాహ్నం మేం భోంచేసే వేళకు ఆమె ఇంకా తినలేదు. తరవాతా తినలేదు.

మర్నాడు ఉదయం అమ్మాయి ఇడ్లీలు చేసి డబ్బాలో పెట్టింది. నేను వెళ్ళేసరికి రెండో రక్తపరీక్ష ఫలితం వచ్చింది. మూత్రపిండాలు బాగానే ఉన్నాయన్నారు. అతను మంచం మీద కూర్చుని, రాత్రంతా అక్కడే ఉన్న ఆమె వైపు చూడకుండా డబ్బా మూత తీశాడు.

"అక్కా, ఇవి దేని ఆకుతో చేసినారు?"

"ఏడిశావులే. తిను."

"నువ్వు తిను ముందు, చూస్తా."

"నేను తింటే నీకు మిగలవు."

అతను ఒకటి తిన్నాడు. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని, అతను మింగేదాకా చూసింది. రెండోది తిన్నాడు, మూడోదీ తిన్నాడు. మంచినీళ్ళు తాగి, కడుపు మీద చెయ్యి వేసుకుని, "మంట లేదు" అన్నాడు. అప్పుడామె డబ్బా తన ఒళ్ళోకి లాక్కుని, మిగిలిన ఇడ్లీలు చట్నీ కూడా వేసుకోకుండా తినేసింది.